సంగీత పత్రిక విషయసూచిక: ఒక్క పేజీ మీద ముగ్గురి హక్కు

బ్రిటన్‌లో 2008 నుంచి దాదాపు పదేళ్లపాటు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చాలామంది ఏటా ఒకే రకం ప్రాజెక్టు చేసేవాళ్లు. ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు తన మీడియా స్టడీస్ సిలబస్‌లో పెట్టిన పని అది. లేని సంగీత పత్రిక ఒకటి ఊహించుకోవాలి. దానికి ముఖచిత్రం, విషయసూచిక, లోపల రెండు పేజీల కథనం తయారు చెయ్యాలి. ఫొటోలు ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తే కుదరదు, సొంతంగా తీసినవే వాడాలి. దానికి ముందు మార్కెట్లో ఉన్న పత్రికలు తిరగేసి, వాటి పద్ధతులేంటో రాసుకోవాలి. అలా ఎన్ఎంఈ, క్యూ, కెరాంగ్, వైబ్ లాంటి పత్రికల విషయసూచికల్ని ఆ పిల్లలు చూసినంత శ్రద్ధగా వాటిని డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా చూసి ఉండరు.

వాళ్లు రాసుకున్న జాబితా ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. పైన పత్రిక పేరు చిన్నగా మళ్లీ వస్తుంది, పక్కన తేదీ. ఒక పెద్ద ఫొటో, దాని చుట్టూ రెండు మూడు చిన్నవి, ఆ ఫొటోల మీదే పేజీ నంబర్లు. రంగులు మూడు దాటవు, ఫాంట్లు కూడా అంతే. పెద్ద కథనాలు ఒకవైపు, ప్రతి సంచికలో వచ్చే శీర్షికలు ఇంకోవైపు. అడుగున చందా ప్రకటన. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇలా వరసగా చదివితే ఇవన్నీ ఎవరో డిజైనర్ అందం కోసం పెట్టుకున్న నియమాల్లా అనిపిస్తాయి. నిజానికి ఆ పేజీ మీద ముగ్గురికి హక్కుంది: డబ్బిచ్చి కొన్న పాఠకుడికి, వచ్చే సంచిక కూడా కొనిపించాల్సిన సంపాదకుడికి, ఆదాయం తేవాల్సిన ప్రకటనల విభాగానికి. వీళ్ల మధ్య కుదిరిన రాజీలే మనం పద్ధతులు అంటున్నవి. ఏ రాజీ ఎందుకు కుదిరిందో తెలిస్తే పేజీ దానంతటదే అర్థమవుతుంది.

చివర్లో తయారయ్యే మొదటి పేజీ

ముందు ఆ పేజీ ఉండే చోటు చూద్దాం. కవర్ తిప్పగానే విషయసూచిక కనిపించడం అరుదు. కవర్ లోపలి వైపు ప్రకటన ఉంటుంది, చాలాసార్లు దాని ఎదురు పేజీ కూడా ప్రకటనే. ఆ తర్వాతే సూచిక. దాని ఎదురు పేజీని మళ్లీ ప్రకటనకే అమ్ముతారు. ప్రకటనల రేట్ల పట్టికల్లో 'విషయసూచికకి ఎదురుగా' అన్న స్థానానికి విడిగా ధర రాసి ఉంటుంది, మామూలు లోపలి పేజీ కన్నా అది ఎక్కువ. ఎందుకంటే పత్రిక తెరిచిన ప్రతివాడూ ఒక్కసారైనా ఆగే పేజీ అదొక్కటే. ఇంటర్వ్యూ చదవనివాళ్లు ఉంటారు, సమీక్షలు దాటేసేవాళ్లు ఉంటారు, సూచిక దాటేసేవాళ్లు తక్కువ.

ఖరీదైన ఫ్యాషన్ పత్రికల్లో సూచిక కోసం పదుల పేజీల ప్రకటనలు తిప్పాలి. సంగీత పత్రికలకి అంత అదృష్టం ఎప్పుడూ పట్టలేదు. రికార్డు కంపెనీలు, కచేరీలు, సంగీత ఉత్సవాలు, హెడ్‌ఫోన్లు, బీరు... దాదాపు ఇవే వాటి ప్రకటనలు. అందుకే వాటి సూచిక తొందరగానే వచ్చేస్తుంది, మూడో పేజీలోనో ఐదో పేజీలోనో.

ఇక తయారీ. మన పత్రికాఫీసుల్లో ప్రకటనల స్థలాలు గీసి డెస్కుకి పంపే కాగితాన్ని డమ్మీ అంటారు. బ్రిటిష్ పత్రికల్లో దాన్నే ఫ్లాట్‌ప్లాన్ అంటారు, మొత్తం సంచికలోని పేజీలన్నీ చిన్న చిన్న గళ్లుగా ఒకే షీటు మీద కనిపిస్తాయి. ముందు ప్రకటనలు కూర్చుంటాయి, మిగిలిన చోట కథనాలు సర్దుకోవాలి. అచ్చు ఫారాల లెక్కన, పదహారో ముప్పై రెండో పేజీలు ఒక కట్టగా జరుగుతుంది కాబట్టి ఇష్టమొచ్చినట్టు ఒక పేజీ పెంచడం, తగ్గించడం కుదరదు. చివరి నిమిషంలో ఒక ప్రకటన రద్దయిందంటే ఆ ఖాళీలోకి ఏదో ఒకటి జరగాలి, దాంతో వెనకున్న కథనాల నంబర్లన్నీ కదులుతాయి. అందుకని పాఠకుడు మొదట చూసే విషయసూచిక డెస్కు మీద అన్నిటికన్నా చివర్లో పూర్తవుతుంది.

దీన్ని బట్టి చూస్తే సూచికల్లో నంబర్లని ఎప్పుడూ ఒక ప్రత్యేక కాలమ్‌లో, మాటలకి దూరంగా, ఎందుకు నిలబెడతారో తెలుస్తుంది. 98వ పేజీ కాస్తా 102 అయితే రెండంకెల చోట మూడంకెలు పట్టాలి. వాక్యం మధ్యలో ఇరికించిన నంబరైతే లైను విరిగి కింద ఉన్నవన్నీ జరుగుతాయి. విడి కాలమ్‌లో ఉంటే అంకె మార్చి ఊరుకోవచ్చు. కథనాల పరిచయాలు ఒకటి రెండు లైన్లు దాటకపోవడానికి కూడా ఇది ఒక కారణం. ఒక పరిచయాన్ని పూర్తిగా పీకేసి ఇంకోటి పెట్టినా చుట్టుపక్కల ఏమీ కదలకూడదు. రాత్రి పదకొండింటికి పేజీ పంపాల్సిన సబ్ ఎడిటర్‌కి టెన్షన్ తగ్గించే డిజైనే మంచి డిజైన్, అందం ఆ తర్వాత.

ఫొటోల మీద పెద్ద పెద్ద నంబర్లు వెయ్యడం మాత్రం పాఠకుడి కోసం. నిండు పేజీ ప్రకటనల మీద, అంచుల దాకా పరిచిన ఫొటోల మీద పేజీ నంబరు వెయ్యరు. పత్రికలో అలాంటివి ఎక్కువ కాబట్టి 46వ పేజీ కోసం వెతికేవాడు 39 దగ్గర నంబరు చూసి, మళ్లీ 51 దగ్గర చూసి, వెనక్కి తిప్పుకోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు అంకె కన్నా బొమ్మ బాగా పనికొస్తుంది. అందుకే సూచికలో వేసే ఫొటో సాధారణంగా ఆ కథనం కోసం తీయించిన వాటిలోదే అయి ఉంటుంది, అదే బట్టలు, అదే గోడ, అదే వెలుతురు. పేజీలు తిప్పుతుంటే 'ఆఁ, ఇదే' అని కన్ను ఆగిపోతుంది. నంబరు ఉజ్జాయింపుగా దారి చూపిస్తే చాలు.

ముఖచిత్రం ఇచ్చిన మాట

ముఖచిత్రం మీద ఉండేవి సగం సగం మాటలు. ఒక పేరు, దాని పక్కన ఊరించే ముక్క ఒకటి. షాపులో పత్రికలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి కాబట్టి పైభాగమో ఎడమ అంచో మాత్రమే కనిపిస్తుంది, అక్కడే కొనిపించాలి. కొన్నాక ఆ పేరు ఎక్కడుందో విషయసూచిక చెప్పాలి. ముఖచిత్రం మీద ఒక పేరు వేసి, సూచికలో అది వెంటనే దొరకకపోతే పాఠకుడికి మోసపోయినట్టు ఉంటుంది. కాబట్టి కవర్ మీది రంగులు, ఆ ఫాంట్ సూచికలోకీ వస్తాయి. 'ముఖచిత్ర కథనం' అన్న చిన్న ముద్ర కూడా ఉంటుంది. అది 72వ పేజీలో ఉన్నా సూచికలో మొదట వచ్చేది అదే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఒకే పేజీలో రెండు రకాల వరస నడుస్తుంది. పెద్ద కథనాలు ప్రాముఖ్యాన్ని బట్టి, పేజీలతో సంబంధం లేకుండా ఉంటాయి. శీర్షికలు మాత్రం 6, 11, 14 అంటూ బుద్ధిగా పేజీల వరసలో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఎందుకీ తేడా? కొత్తగా కొన్నవాడు పేరు చూసి కొన్నాడు, వాడికి కథనం చూపించాలి. ఏళ్ల తరబడి కొంటున్నవాడికి తనకిష్టమైన శీర్షిక ఎక్కడుంటుందో చేతికే తెలుసు. మన వారపత్రికల్లో సీరియల్ కోసం కొనేవాళ్లు సూచిక చూశారా ఎప్పుడైనా? సరాసరి ఆ పేజీకే వెళ్తారు. వాళ్ల కోసం అక్షరాలు పెద్దవి చేసి చోటు తగలెయ్యడం దండగ. అలాగని తీసేస్తే 'నా శీర్షిక ఎత్తేశారా' అని ఉత్తరం వస్తుంది. అందుకే చిన్నగా అయినా సరే ఉంచుతారు.

సంగీత పత్రికల సూచికని మిగతా పత్రికల నుంచి వేరు చేసేది నా దృష్టిలో ఇంకోటి. సాహిత్య పత్రిక సూచికలో కథ పేరు, రచయిత పేరు ఉంటాయి. సంగీత పత్రికలో రెండూ మాయమవుతాయి. లోపల ఆ ఇంటర్వ్యూకి ఎంత చమత్కారమైన శీర్షిక పెట్టినా సూచికలో కనిపించేది గాయకుడి పేరో బ్యాండ్ పేరో మాత్రమే, లావుపాటి అక్షరాల్లో. రాసినవాడి పేరు చాలాసార్లు ఉండనే ఉండదు. పేజీ మీద కన్ను పరిగెత్తేటప్పుడు వెతికేది మనుషుల పేర్లనే అని వీళ్లకి బాగా తెలుసు. ఎవరు రాశారన్నది అభిమానికి రెండో విషయం. ఏళ్ల తరబడి మంచి విమర్శ రాసినవాళ్లకి ఇది అన్యాయమే అనుకోండి.

ఎన్ఎంఈ ఎడమ కాలమ్

ఎన్ఎంఈ, అంటే న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్, 1952లో ఆ పేరుతో మొదలైంది. అదే ఏడు నవంబర్ 14న రికార్డు షాపులకి ఫోన్లు చేసి కనుక్కున్న అమ్మకాలతో బ్రిటన్ మొదటి సింగిల్స్ (విడి పాటల రికార్డుల) చార్టు అచ్చేసింది. దశాబ్దాలపాటు అది దినపత్రిక కాగితం మీదే వచ్చింది. దానికి, మెలోడీ మేకర్, సౌండ్స్ అనే తోటి పత్రికలకి కలిపి అక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరుకి అర్థం చేతికి సిరా అంటించే పత్రికలని. దినపత్రిక తీరులో ఉన్నన్నాళ్లూ ఆడంబరమైన సూచిక దానికి అవసరం పడలేదు. 1990ల చివర్లో న్యూస్‌ప్రింట్ వదిలి నున్నటి కాగితానికి మారాక మ్యాగజైన్ హంగులన్నీ వచ్చాయి.

రెండువేల దశకం చివర్లో వచ్చిన ఎన్ఎంఈ సూచిక పేజీ ఈ రంగంలో అందరూ ఉదాహరణగా చూపించేది. నడుమ ఆ వారం ముఖ్య వార్త, ఫొటోతో సహా, ఒక చిన్న కథనంలాగే ఉంటుంది. కుడివైపు విభాగాలు: వార్తలు, కొత్త బ్యాండ్లు, సమీక్షలు, కచేరీలు. ఒక్కో విభాగం పేరూ నల్లటి పట్టీలో తెల్ల అక్షరాలతో. అడుగున నల్ల పెట్టెలో చందా ప్రకటన. ఎడమవైపు మాత్రం పైనుంచి కింద దాకా ఒక సన్నటి కాలమ్, ఆ సంచికలో ప్రస్తావనకి వచ్చిన బ్యాండ్ల పేర్లన్నీ అకారాది క్రమంలో, పక్కన పేజీ నంబర్లు. దాన్ని బ్యాండ్ ఇండెక్స్ అనేవాళ్లు.

వారపత్రికకి ఇది ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. నెలవారీ పత్రికలో పది పేజీల ఇంటర్వ్యూ ఒకటి ఉంటే దాన్నే పట్టుకుని సూచిక నడిపించొచ్చు. వారపత్రికలో అంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది: నాలుగు లైన్ల కచేరీ సమీక్ష, మూడు లైన్ల సింగిల్ సమీక్ష, వార్తల్లో ఒక ప్రస్తావన. వీటిని విభాగాల వారీగా చెప్తే 'సమీక్షలు, 27' అన్న ఒక్క లైనుతో సరిపోతుంది, లోపల ఎవరున్నారో తెలీదు. షెఫీల్డ్‌లోనో లీడ్స్‌లోనో ఒక చిన్న బ్యాండ్‌ని ఆరాధించే కుర్రాడికి ఆ ఎడమ కాలమ్ వల్ల తన బ్యాండ్ ఈ వారం ఉందో లేదో క్షణంలో తేలిపోతుంది. షాపులో నిలబడే చూసుకుని, ఉంటే కొంటాడు. అంతేకాదు, అన్ని పేర్లు ఒక్కచోట పేర్చి చూపించడం వల్ల పత్రిక నిండుగా ఉందన్న నమ్మకం కూడా కలుగుతుంది.

ఈ అవసరం మనకి కొత్తది కాదు. కీర్తనల పుస్తకాల్లో అకారాది పట్టిక ఉండేది ఇందుకే. పాడేవాళ్లకి పల్లవి మొదటి మాట తెలుసు, పేజీ తెలీదు. పుస్తకం రాగాల వరసలో ఉన్నా, దేవతల వరసలో ఉన్నా, వాళ్లు మాత్రం మొదటి అక్షరం పట్టుకునే వస్తారు. పక్కన రాగం, తాళం కూడా వేస్తే ఇంకా మంచిది. పేరు తెలిసి వెతికేవాడికి అకారాది కన్నా దగ్గరి దారి లేదని మద్రాసు ప్రచురణకర్తలకీ తెలుసు, లండన్ సబ్ ఎడిటర్లకీ తెలుసు.

చందా పెట్టె సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. సంచిక కొన్నవాడు అప్పటికే డబ్బు ఖర్చు పెట్టాడు, అంటే పత్రిక మీద ఇష్టం ఉందని రుజువైంది. షాపుకి, పంపిణీదారుకి కమీషన్ పోకుండా నేరుగా అతనికే అమ్మితే పత్రికకి మిగులు. ముందుగానే డబ్బు చేతికొస్తుంది, అమ్ముడుపోని కాపీలు వెనక్కి రావు. పత్రికలో అందరూ చూసే పేజీ సూచికే కాబట్టి ఆ ప్రకటన అక్కడే ఉండాలి. మిగతా పేజీకి నప్పని రంగులో ఉండటం కూడా కావాలని చేసిందే. డిజైనర్లు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు, సర్క్యులేషన్ వాళ్లు ఒప్పుకోరు.

నెమ్మది ఒకచోట, గోల ఇంకోచోట

క్యూ 1986లో మార్క్ ఎల్లెన్, డేవిడ్ హెప్‌వర్త్ మొదలుపెట్టిన నెలవారీ పత్రిక. సీడీలు కొత్తగా వస్తున్న రోజులు. చేతిలో డబ్బున్న ముప్పై ఏళ్లవాళ్లు తమ దగ్గరున్న ఎల్‌పీలనే మళ్లీ సీడీల్లో కొంటున్నారు. వాళ్లకి ఏది కొనాలో చెప్పే మార్గదర్శి కావాలి. దాంతో క్యూకి సమీక్షల విభాగం గుండెకాయ అయింది. సూచికలో కూడా కథనాలు, ప్రతినెలా వచ్చేవి అన్న రెండు భాగాలతో పాటు సమీక్షలకి విడిగా ఒక పెట్టె ఉండేది. ఎర్రటి క్యూ అక్షరం, తెల్లటి నేపథ్యం, పొందికైన కాలమ్‌లు, ఊపిరాడేంత ఖాళీ. తీరిగ్గా కూర్చుని చదివేవాళ్ల పత్రిక అని పేజీ చూడగానే తెలుస్తుంది.

దీనికి పూర్తి ఎదురు కెరాంగ్. 1981లో సౌండ్స్ పత్రికకి అనుబంధంగా పుట్టింది, ఎలక్ట్రిక్ గిటార్ తీగలన్నీ ఒక్కసారి మీటితే వచ్చే చప్పుడే దాని పేరు. సూచిక పేజీ నిండా ఫొటోలు, నల్ల పట్టీల మీద పసుపు అక్షరాలు, ఒక పక్క ఎడిటర్ ఫొటోతో చిన్న ఉత్తరం, సంతకం. చూస్తే ఇల్లంతా గందరగోళంగా సర్దినట్టు ఉంటుంది. కాస్త దగ్గరగా చూస్తే తెలుస్తుంది, గోలంతా ఫొటోల్లో, పైనుండే పెద్ద అక్షరాల్లోనే. జాబితా మాత్రం సన్నటి, సాదా ఫాంట్‌లో గీత గీసినట్టు నిటారుగా నిలబడి ఉంటుంది. అరిగిపోయినట్టు, గీరుకుపోయినట్టు కనిపించే ఫాంట్లు మూడు నాలుగు మాటలకి బాగుంటాయి, ముప్పై లైన్లకి వాడితే ఎవరూ చదవలేరు. ప్రాజెక్టు చేసే పిల్లలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతినేవాళ్లని నా అనుమానం.

కెరాంగ్ పాఠకులు పోస్టర్ల కోసం కూడా కొనేవాళ్లు కాబట్టి పోస్టర్లలో ఎవరున్నారో సూచికలోనే చెప్పాల్సి వచ్చేది. పిన్నులు కొట్టి కుట్టిన పత్రికలో విప్పి తీసుకోవడానికి వీలైన చోటు నడిమి పేజీలే, అందుకే అవి అక్కడ ఉండేవి.

అమెరికాలో ఇంకో తీరు. 1967 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన రోలింగ్ స్టోన్ తన సంచికల్ని ఆర్ఎస్ అన్న రెండక్షరాలు, ఆ పక్కన వరస సంఖ్య వేసి గుర్తుపెట్టుకుంటుంది. విషయసూచిక మీద ఆ సంఖ్య కనిపిస్తుంది. పాత సంచికలు దాచుకునేవాళ్లకి తేదీ కన్నా అదే పనికొచ్చే గుర్తు. అడుగున ముఖచిత్రం వివరాలు ఉంటాయి: ఎవరు తీశారు, జుట్టు ఎవరు దువ్వారు, మేకప్ ఎవరిది, వేసుకున్న జాకెట్ ఏ కంపెనీది. మన పత్రికల్లో 'ముఖచిత్రం: ఫలానా' అని ఒక్క పేరుతో సరిపెట్టే చోట అక్కడ అంత చిట్టా ఎందుకంటే, ఫొటో షూట్‌కి బట్టలు అరువిచ్చిన కంపెనీకి బదులుగా దక్కేది ఆ ఒక్క లైనే. దాన్ని ముఖచిత్రం మీద వెయ్యలేరు, కథనంలో ఇరికించలేరు. సూచిక అడుగుభాగం తప్ప వేరే చోటు లేదు.

1993లో అమెరికన్ సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ చొరవతో మొదలైన వైబ్ ఇంకాస్త ముందుకెళ్లింది. ర్యాప్, ఆర్ అండ్ బీ గాయకుల నిలువెత్తు ఫొటో పేజీ అంతా పరిచి, వెనక పత్రిక మొదటి అక్షరమైన 'వి'ని గోడంత పెద్దగా నిలబెట్టి, జాబితాని ఒక మూల సన్నటి కాలమ్‌లోకి నెట్టేసిన సూచికలు దాని గుర్తు. ఆ సంగీతంలో నిలబడే తీరు, బట్టలు, చూపు పాటతో సమానం. సమాచారం తక్కువ ఉందని డిజైన్ పాఠాలు ఫిర్యాదు చెయ్యొచ్చు, ఆ పత్రిక పాఠకుడు మాత్రం చెయ్యడు.

బిల్‌బోర్డ్‌ది మరో లోకం. 1894లో సిన్సినాటిలో పుట్టిన ఆ పత్రిక అభిమానులది కాదు, వ్యాపారులది. దాని సూచికలో ఒక పక్క కాలమ్‌లో చార్టులన్నీ వరసగా ఉండేవి, ఒక్కోదాని పక్కన ఆ వారం మొదటి స్థానంలో ఉన్నదెవరు, పేజీ ఎంత. రేడియో స్టేషన్ మేనేజరో రికార్డు షాపు యజమానో ఆ ఒక్క కాలమ్ చూసి పత్రిక మూసేసినా అతని పని అయిపోయినట్టే. మిగతా పత్రికల్లో సూచిక లోపలికి రమ్మంటుంది, ఇక్కడ బయటే సమాధానం చేతిలో పెట్టి పంపించేస్తుంది.

చెరిపేసినా దొరికే పేజీ

ఈ పద్ధతులన్నీ ఎంత బలమైనవో వాటిని తుడిచేయబోయినవాళ్ల వల్లే బాగా తెలిసింది. నిక్ లోగన్ 1980లో లండన్‌లో ది ఫేస్ పత్రిక పెట్టాడు. దానికి నెవిల్ బ్రోడీ ఆర్ట్ డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో, 1984 ప్రాంతంలో, విషయసూచిక పేజీ నెత్తిన ఉండే 'కంటెంట్స్' అన్న మాటని ఒక్కో సంచికకీ కొంచెం కొంచెంగా విరగ్గొడుతూ పోయాడు. మొదట అక్షరాలు తెలిసేవి. తర్వాత అడ్డగీతలు, నిలువుగీతలు విడిపోయాయి. ఇంకొన్నాళ్లకి అక్షరాలు పూర్తిగా పోయి కొన్ని నల్లటి ఆకారాలు మాత్రమే మిగిలాయి. ఆ నెలే మొదటిసారి పత్రిక చూసినవాడికి అదొక అలంకారం. మొదటినుంచి కొంటున్నవాడికి అది చదవగలిగే మాటే.

దీన్ని చాలామంది అక్షరాలతో ఆటగా చెప్తారు. నాకైతే పేజీ స్వభావం గురించి చేసిన ప్రయోగంలా అనిపిస్తుంది. శీర్షిక కరిగిపోయినా పేజీ ఉన్నచోటే ఉంది, నంబర్లు ఉన్నాయి, పేర్లు ఉన్నాయి. దాన్ని గుర్తుపట్టడానికి ఆ మాట అవసరమే లేదు. పత్రిక తెరిచాక ఫలానా చోట, నంబర్ల పక్కన పేర్లు కనిపిస్తే అది విషయసూచికే. పైన పెద్ద అక్షరాలతో రాయాల్సిందే అని పిల్లల ప్రాజెక్టు జాబితాల్లో మొదట కనిపించే నియమం నిజానికి అన్నిటికన్నా తక్కువ అవసరమైనది.

కాలిఫోర్నియాలో 1992లో మొదలైన రే గన్ అనే సంగీత పత్రికలో డిజైనర్ డేవిడ్ కార్సన్ ఇంకా దూరం వెళ్లాడు. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కేవి, కాలమ్‌లు ఒకదాంట్లోకి ఒకటి చొరబడేవి. 1994లో ఇంగ్లిష్ గాయకుడు బ్రయాన్ ఫెర్రీ ఇంటర్వ్యూ మరీ చప్పగా ఉందని మొత్తం వ్యాసాన్ని జాఫ్ డింగ్‌బాట్స్ అనే గుర్తుల ఫాంట్‌లో పెట్టేశాడు. అక్షరాల బదులు నక్షత్రాలు, బాణాలు, పువ్వులు. చదవదగ్గ రూపం అదే సంచికలో వెనక ఇచ్చారు. గమ్మత్తుగా ఉంటుంది కానీ, బ్రోడీ చేసింది నాకు ఎక్కువ నచ్చుతుంది. కార్సన్ పాఠకుడిని పరీక్షించాడు, బ్రోడీ పేజీని పరీక్షించాడు.

ముగ్గురూ విడిపోయాక

క్యూ 2001లో నెలకి రెండు లక్షల కాపీల దాకా అమ్మింది. 2020 జులైలో మూతపడేనాటికి అది సుమారు 28 వేలు. ఎన్ఎంఈ 2015 సెప్టెంబర్‌లో ఉచిత పత్రికగా మారి రైల్వే స్టేషన్లలో, కాలేజీల్లో పంచిపెట్టడం మొదలుపెట్టింది. చేతిలో పెట్టి ఇచ్చే పత్రికకి షాపులో నిలబడి తిరగేసే కొనుగోలుదారు లేడు, చందా కోసం వెంటపడాల్సిన పాఠకుడూ లేడు. 2018 మార్చిలో ఆ వారపత్రిక అచ్చు ఆగిపోయింది. 2023లో మళ్లీ అచ్చులోకి వచ్చినా అది రెండు నెలలకోసారి, పరిమితంగా.

ఒకే పేజీలో కాపురం చేసిన మూడు అవసరాలు ఈలోగా వేర్వేరు ఇళ్లకి వెళ్లిపోయాయి. బ్యాండ్ ఇండెక్స్ చేసిన పని ఇప్పుడు సెర్చ్ బాక్స్ చేస్తోంది. ఏది ముఖ్యమో చెప్పే సంపాదకుడి పని సైటు మొదటి తెర చేస్తోంది, అది గంటగంటకీ మారుతుంది. ప్రకటనకి ఎదురు పేజీ అన్నదే లేదు, మధ్యలోనే వచ్చి కూర్చుంటుంది. సంచిక అన్న హద్దు పోయాక 'ఇందులో ఏముంది' అని ఒక్కచోట చెప్పే అవకాశం కూడా పోయింది. 'ఇందులో' అంటే ఎందులో?

అచ్చులో మిగిలినవాటిలో 1993లో మొదలైన మోజో ఇంకా నెలనెలా వస్తోంది, పూర్తి స్థాయి విషయసూచికతోనే. దాని పాఠకులు ఎక్కువమంది సంచికలు దాచుకునే రకం. అలా దాచుకున్న పాత పత్రికలు నెట్‌లో అమ్మకానికి పెట్టేటప్పుడు చాలామంది రెండు ఫొటోలు పెడతారు. మొదటిది ముఖచిత్రం, రెండోది విషయసూచిక. ముఖచిత్రం మీద ఉన్నవాళ్ల అభిమానులు మొదటి ఫొటో చూసి కొంటారు. నాలుగు లైన్ల కచేరీ సమీక్షలో మాత్రమే కనిపించి, ఆ తర్వాత విడిపోయిన బ్యాండ్ ఒకటి ఉంటే, దాని కోసం వెతికేవాళ్లు రెండో ఫొటోని పెద్దది చేసి ఒక్కో పేరూ చదువుకుంటూ పోతారు.